ఒక మహిళా బాస్కెట్‌బాల్ జట్టు అధికారిక చరిత్రకు పీఠిక

చెన్నైలోని ఒక విశ్వవిద్యాలయం వారు తమ మహిళా బాస్కెట్‌బాల్ జట్టుకు 50 ఏళ్ళు నిండిన సందర్భంగా తమిళ, ఇంగ్లీషు, తెలుగు విభాగాలతో ఒక ప్రత్యేక సంచిక వెలువరించాలని సంకల్పించి, తెలుగులో జట్టు చరిత్ర రాసే బాధ్యతను నాకు అప్పగించారు. నన్నే ఎందుకు ఎంచుకున్నారని వినయంగా అడిగాను. నేను జన్మలో బంతిని ముట్టుకోలేదు గనుక నా రాతలో పక్షపాతం ఉండదని, పైగా తెలుగులో రాస్తాను గనుక కార్యాలయంలో ఎవరూ చదివి అభ్యంతరం చెప్పలేరని కమిటీ అధ్యక్షులవారు సెలవిచ్చారు. ఇంతకంటే గట్టి అర్హతలు ఏ చరిత్రకారుడికీ ఉండవు.

కార్యాలయం వారు మూడు లావుపాటి ఫైళ్ళు ఇచ్చారు. మొదటి దానిలో జట్టు ఊరు దాటి వెళ్ళడానికి కోరిన అనుమతులు, వాటి మీద అడిగిన వివరణలు, ఆ వివరణలకు కోరిన మరికొన్ని అనుమతులు ఉన్నాయి. రెండవది పూర్తిగా దుస్తులకు సంబంధించినది. ట్రాక్ ప్యాంటు నుంచి నిక్కరుకు మారడం గురించి పదకొండు సంవత్సరాల పాటు సాగిన ఉత్తర ప్రత్యుత్తరాల్లో, మోకాలి స్థానాన్ని నిర్ణయించడానికి ఒక ఉపసంఘాన్ని కూడా వేశారు. మూడవదానిలో ముఖ్య అతిథులకు కప్పిన శాలువాల బిల్లులు, వేసిన గజమాలల రసీదులు ఒక్కటి కూడా పోకుండా భద్రంగా ఉన్నాయి. ఏ సంవత్సరం ఏ జట్టుతో ఆడారో, ఎవరు ఎన్ని పాయింట్లు చేశారో తెలిపే కాగితం మాత్రం మూడింటిలోనూ లేదు. స్కోరు షీట్ల సంగతి అడిగితే, బీరువాలో చోటు లేక వాటిని ఎప్పుడో తీసేశామని చెప్పారు.

ఆట లేకుండా ఆటల జట్టు చరిత్ర రాయడం ఎలాగో తెలుసుకోవడానికి నేను ఇతర దేశాల సంప్రదాయాన్ని పరిశీలించాను. పరిశీలించిన కొద్దీ మన కార్యాలయం మీద గౌరవం పెరిగిందే తప్ప తగ్గలేదు. మన వాళ్ళు కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. 130 ఏళ్ళకు పైబడిన ఒక గొప్ప పరంపరను నిష్ఠగా పాటిస్తున్నారు, అంతే.

1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ బోధకుడు రెండు పీచ్ పండ్ల బుట్టలు బాల్కనీకి కొట్టించి, 13 నియమాలు రాసి ఈ ఆటను సృష్టించాడు. మరుసటి ఏడాదే ఆ దగ్గరలోని స్మిత్ కళాశాలలో సెండా బెరెన్సన్ అనే అధ్యాపకురాలు దీనిని అమ్మాయిలకు నేర్పింది. 1893 మార్చిలో మొదటి సంవత్సరం వాళ్ళకూ రెండవ సంవత్సరం వాళ్ళకూ అక్కడ పోటీ జరిగింది. మగవాళ్ళకు ప్రవేశం లేదు. ఆడపిల్లలు ఆడడం వరకు సహించవచ్చు గాని, ఆడుతుండగా ఎవరైనా చూస్తే ఏమైనా ఉందా?

మహిళా బాస్కెట్‌బాల్‌కు చరిత్రలో ఎదురైన మొట్టమొదటి ప్రత్యర్థి బాస్కెట్‌బాలే. అందుకని పెద్దలు ముందుగా దానిని అదుపులో పెట్టారు. బెరెన్సన్ నియమాల ప్రకారం కోర్టును మూడు భాగాలు చేసి, ఎవరి భాగంలో వాళ్ళే ఉండాలన్నారు. బంతిని మూడు సెకన్లకు మించి పట్టుకోకూడదు, మూడు సార్లకు మించి నేలకు కొట్టకూడదు, ఎదుటి మనిషి చేతిలోంచి లాక్కోకూడదు. పాపం ఆవిడ ఈ కంచెలు వేయకపోతే ఆ ఆటను మొత్తంగానే ఆపించేవారు గనుక ఆమెను తప్పుపట్టలేము. న్యూ ఆర్లియన్స్‌లోని న్యూకోంబ్ కళాశాలలో క్లారా బేర్ 1895లో ప్రచురించిన నియమాలు ఇంకొక మెట్టు పైకి వెళ్ళాయి. రెండు చేతులతో బంతి విసిరితే భుజాలు ముందుకు వంగి ఛాతీ కుంచించుకుపోతుందని భావించి, అలా విసరడాన్ని తప్పు కింద లెక్కకట్టారు. నైస్మిత్ పంపిన పటంలో ఎవరు ఎక్కడ నిలబడితే మంచిదో చూపే గీతలను ఆమె దాటరాని సరిహద్దులుగా పొరబడిందని కూడా చెబుతారు. నిజమైతే అది మానవ చరిత్రలో ఎంతో ఫలవంతమైన పొరపాటు. ఒక పటాన్ని తప్పుగా చదివితే వచ్చిన గీతలు అమెరికా ఆడపిల్లల కాళ్ళకు దశాబ్దాల తరబడి అడ్డుపడ్డాయి. అక్కడి కళాశాలల్లో ఐదుగురేసి అమ్మాయిలు కోర్టంతా పరుగెత్తి ఆడే పద్ధతి స్థిరపడింది 1971లో. అయోవా రాష్ట్రపు ఉన్నత పాఠశాలల్లోనైతే, గీత దాటకూడని ఆరుగురి ఆట 1993 దాకా బతికింది. మన కార్యాలయంలో ఒక సర్క్యులర్ అంతకాలం అమలైతే దాన్ని రాసిన గుమాస్తాకు విగ్రహం పెట్టేవాళ్ళం.

ఇక విశ్వవిద్యాలయ జట్టు చరిత్ర అంటే ఎలా ఉండాలో తెలియాలంటే స్టాన్‌ఫర్డ్‌ను చూడాలి. 1896 ఏప్రిల్ 4న శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టాన్‌ఫర్డ్ అమ్మాయిలు, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అమ్మాయిలు తలపడ్డారు. రెండు విశ్వవిద్యాలయాల మహిళా జట్ల మధ్య జరిగిన తొలి పోటీ అదే. ఇక్కడా మగవాళ్ళకు ప్రవేశం నిషిద్ధం. కిటికీల్లోంచి తొంగిచూడబోయిన వాళ్ళను ఆడవాళ్ళు కర్రలు పట్టుకుని అదిలించారని ఆనాటి కథనాలు. జట్టుకు తొమ్మిదేసి మంది ఆడగా, స్టాన్‌ఫర్డ్ 2–1 తేడాతో గెలిచింది. పద్దెనిమిది మంది కలిసి మూడు పాయింట్లు సాధించిన ఈ వేగం మన రిజిస్ట్రారు కార్యాలయానికి ఎంతో పరిచితంగా తోచింది.

గెలిచిన జట్టుకు దక్కవలసిన గౌరవం మూడేళ్ళకు దక్కింది. 1899లో స్టాన్‌ఫర్డ్ అధ్యాపక సంఘం అమ్మాయిలు ఇతర విశ్వవిద్యాలయాలతో పోటీపడడాన్ని నిషేధించింది. వాళ్ళ ఆరోగ్యం కోసమేనట. ఓడిపోతే ఆరోగ్యానికి హాని అని ఎవరైనా అంటారు, గెలిచినా హానే అని గుర్తించడానికి పాండిత్యం కావాలి. ఆ తరువాత దాదాపు ముప్పావు శతాబ్దం పాటు ఆ జట్టు లేదు. చరిత్రకారుడికి ఇంతకంటే సుఖమైన కాలం ఉండదు, ఒక్క పేరాతో 75 ఏళ్ళు దాటిపోవచ్చు.

1972లో అమెరికా ప్రభుత్వం, తన నిధులు తీసుకునే విద్యాసంస్థలు ఆడ, మగ భేదం చూపరాదని చట్టం చేసింది. ఆ వాక్యంలో ఆటల ఊసే లేదు. అయినా అమ్మాయిలు దాన్ని బాస్కెట్‌బాల్‌కు కూడా అన్వయించుకున్నారు. చట్టాన్ని పటంలాగా తప్పుగా చదివితే ఎంత బాగుండేది! ఆ ఏడాదే కళాశాలల మహిళలకు తొలి జాతీయ టోర్నమెంటు జరిగింది. ఫిలడెల్ఫియా దగ్గరి ఇమాక్యులేటా అనే చిన్న కాథలిక్ కళాశాల జట్టు ప్రయాణపు ఖర్చుల కోసం టూత్‌బ్రష్‌లు అమ్మి, పోగైన డబ్బుతో ఎనిమిది మందినే విమానం ఎక్కించి, ఆ టోర్నమెంటు గెలిచింది. తరువాతి రెండేళ్ళూ కూడా వాళ్ళే గెలిచారు. వాళ్ళ సన్యాసినులు ప్రేక్షకుల మధ్య కూర్చుని బకెట్లు వాయించేవారు. ఏడాదికి 450 డాలర్లకు పనిచేసిన శిక్షకురాలు క్యాతీ రష్.

ఈ టూత్‌బ్రష్‌ల ఉదంతం చదివి వినిపించినప్పుడు మా కమిటీలో కలిగిన ఉత్సాహం వర్ణించలేను. మన అమ్మాయిలు సౌత్ జోన్ పోటీలకు వెళ్ళిన ప్రతిసారీ దినభత్యం కోసం ఫైలు పెట్టడం, అది పోటీలు ముగిసిన ఏడు నెలలకు మంజూరు కావడం, మధ్యలో ఆడిటు వారు ఇడ్లీకి విడిగా రసీదు అడగడం వల్ల కార్యాలయం మీద ఎంతో భారం పడుతోందని, ఇకనుంచి భత్యానికి బదులు టూత్‌బ్రష్‌లు ఇచ్చి టి. నగర్ పానగల్ పార్కు దగ్గర అమ్ముకోమంటే స్వావలంబన కూడా అలవడుతుందని ఫైనాన్సు సభ్యులు ప్రతిపాదించారు. వచ్చిన లాభంలో విశ్వవిద్యాలయానికి ఎంత శాతం రావాలన్న దగ్గర చర్చ ఆగింది.

స్టాన్‌ఫర్డ్ కథకు తిరిగి వస్తాను. 1970ల నడుమ మళ్ళీ జట్టును నిలబెట్టారు. 1985లో టారా వాన్‌డర్‌వీర్ శిక్షకురాలిగా వచ్చింది. 1990లో, 1992లో జాతీయ టైటిళ్ళు గెలిచారు. 1998 జాతీయ టోర్నమెంటులో తమ ప్రాంతీయ విభాగంలో మొదటి సీడుగా బరిలోకి దిగి, అందులో చిట్టచివరిదైన 16వ సీడు హార్వర్డ్ చేతిలో సొంత మైదానంలో 71–67తో ఓడి చరిత్రకెక్కారు. ఈ సంగతి దాచకుండా రాసుకున్నారంటే వాళ్ళకు ప్రత్యేక సంచిక కమిటీ లేదని తెలుస్తూనే ఉంది. వాన్‌డర్‌వీర్ 1,216 విజయాలతో 2024లో విరమించుకుంది.

నన్ను అన్నిటికంటే ముగ్ధుణ్ణి చేసింది 2021. కోవిడ్ కారణంగా జాతీయ టోర్నమెంటు మొత్తాన్ని ఒకే ప్రాంతంలో జరిపారు, మగవాళ్ళకు ఇండియానాలో, ఆడవాళ్ళకు టెక్సస్‌లోని శాన్‌ఆంటోనియో పరిసరాల్లో. మగవాళ్ళ వ్యాయామశాలలో హాలు నిండా బరువుల పరికరాలు పెట్టారు. ఆడవాళ్ళకు ఒక్క చిన్న స్టాండు మీద కాసిని డంబెల్స్, పక్కన కొన్ని యోగా చాపలు పెట్టారు. స్టాన్‌ఫర్డ్ శిక్షకురాలు ఒకరు రెండింటి ఫొటోలు పక్కపక్కన పెట్టి లోకానికి చూపించారు. నిర్వాహకులు మొదట ఇచ్చిన సమాధానం వినగానే నాకు కళ్ళు చెమర్చాయి. చోటు లేదన్నారు! అదే మాట, మా బీరువా ముందు నేను విన్న మాట! సముద్రాలు దాటినా పాలనాభాష ఒక్కటే. ఒరెగాన్ జట్టు క్రీడాకారిణి ఒకామె ఫోను తిప్పి ఖాళీగా పడి ఉన్న హాలంతా వీడియో తీసి చూపించకపోతే ఆ మాట అలాగే శాశ్వతంగా నిలిచిపోయేది. రెండు రోజుల్లో చోటు పుట్టింది.

ఆ టోర్నమెంటు ఫైనల్లో స్టాన్‌ఫర్డ్ అరిజోనాను 54–53తో ఓడించింది. తేదీ ఏప్రిల్ 4. కిటికీల దగ్గర కర్రలతో కాపలా కాసిన ఆ తొలి ఆటకు సరిగ్గా 125 ఏళ్ళు, తేడా మళ్ళీ ఒక్క పాయింటే.

మద్రాసుకు ఈ ఆటతో సంబంధం లేదని ఎవరూ అనుకోకూడదు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే చదువుకున్న హ్యారీ క్రో బక్ 1920లో ఇక్కడ వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాల స్థాపించారు, అది ఇప్పటికీ నందనంలో ఉంది. 2009లో ఆసియా మహిళల చాంపియన్‌షిప్ ఈ నగరంలోనే జరిగింది. పందొమ్మిదేళ్ళకే భారత జట్టుకు కెప్టెన్ అయిన అనితా పాల్‌దురై చెన్నై అమ్మాయే, ఆమెకు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. ఈ చివరి వాక్యం వినగానే ముఖచిత్రంగా ఆమె ఫొటో వేయాలని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆమె ఆడింది మన జట్టుకు కాదన్న నా అభ్యంతరాన్ని, పద్మశ్రీ దేశమంతటిదీ అన్న సమాధానంతో తోసిపుచ్చారు.

మన జట్టు కోర్టు గురించి రెండు మాటలు. అది ఆరుబయట సిమెంటు కోర్టు. మగపిల్లలు రాకముందు, తెల్లవారుజామున ఐదున్నర నుంచి ఆరున్నర దాకా అమ్మాయిలది. స్నాతకోత్సవం షామియానా కూడా అక్కడే వేస్తారు గనుక గుంజల కోసం తవ్విన గుంటలు ఏటేటా పెరుగుతూ వచ్చాయి. ఆ గుంటలను తప్పించుకుంటూ బంతిని చేయి మార్చి మార్చి కొట్టడం వల్లనే మన అమ్మాయిలకు ఎడమచేతి డ్రిబ్లింగు అంత బాగా అబ్బిందని, కాబట్టి దీన్ని విశ్వవిద్యాలయపు శిక్షణా విధానంగా నమోదు చేయాలని ఇంజినీరింగు విభాగం వారు లిఖితపూర్వకంగా కోరారు. నమోదు చేశాను.

రాతప్రతి పూర్తయ్యాక, పూర్వపు కెప్టెన్ ఒకామెకు చూపించడం మర్యాద అనిపించింది. నెల్లూరు నుంచి చదువుకోసం వచ్చి, స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం తెచ్చుకుని పెరంబూరులో స్థిరపడిన మనిషి. ఓపికగా అంతా చదివి, కాఫీ గ్లాసు నా ముందు పెట్టింది. "ఏంది సార్, గజమాల రేటు కూడా రాసినారు. మేం ఆడింది యాడ రాసినారు?" అంది. కాగితాలు దొరకలేదని చెప్పాను. ఆమె కాగితం ఏదీ తీయకుండానే ఆ ఏటి సౌత్ జోన్ సెమీఫైనల్లో చివరి నిమిషంలో ఎవరు ఎవరికి బంతి అందించారో, రెండు ఫ్రీ త్రోలలో ఏది రింగుకు తగిలి బయటికి పోయిందో, తిరుగు ప్రయాణంలో రిజర్వేషన్ లేక మరుగుదొడ్డి పక్కన ఎంతమంది కూర్చున్నారో అరగంట సేపు చెప్పింది. నేను రాసుకున్నాను. అది తొమ్మిది పేజీలు వచ్చింది. కమిటీకి పంపాను. ఉపకులపతి, రిజిస్ట్రారు, క్రీడా సంచాలకుడు, ముగ్గురు దాతల శుభాకాంక్షలకు ఒక్కొక్క పేజీ కేటాయించినందున చోటు లేదని మరునాడే జవాబు వచ్చింది. ఆ ఫైలు కదిలిన వేగం చూసి నేను నిజంగా సంతోషించాను.

అయినా కమిటీ వారు ఉదారులు. పాత గ్రూపు ఫొటో ఒకటి వేస్తామని, దాని కింద పేర్లు ఇవ్వమని అడిగారు. ముందు వరుసలో కుర్చీల్లో కూర్చున్న తొమ్మిది మంది పెద్దల పేర్లు, హోదాలు, డిగ్రీలతో సహా ఫైల్లో సిద్ధంగా ఉన్నాయి. వెనక నిలబడిన పన్నెండు మంది అమ్మాయిల పేర్లు లేవు. ఫొటోను పెరంబూరుకు పట్టుకెళ్ళాను. మొహాలు మసకబారాయి గాని, జెర్సీ నంబరు చెబితే చాలు పేరు చెప్పేస్తానంది ఆమె. ఆ రోజుల్లో నంబర్లు 4 నుంచి 15 దాకా ఉండేవట, 1, 2, 3 వేళ్ళు రిఫరీ సైగలకు పనికొస్తాయి గనుక వాటిని వదిలేసేవారట. భూతద్దం తెచ్చి ఇద్దరం చాలాసేపు చూశాం. ముందు వరుసలోని పెద్దల తలలు సరిగ్గా నంబర్లకు అడ్డంగా ఉన్నాయి. క్రీడా సంచాలకులవారికి ఒక్కరికే బట్టతల, ఆయన కొంచెం కిందికి జారి కూర్చున్నారు. ఆయన వెనక అమ్మాయి నంబరు 11.