సవరణ: జీమ్యాట్ లెక్కల గురించి మొన్న తప్పు రాశాను
డిగ్రీలో లెక్కల మార్కులు తక్కువున్నా, ఎంబీఏ లాంటి కోర్సుల ప్రవేశ పరీక్ష జీమ్యాట్‌లో క్వాంట్ అనే లెక్కల విభాగంలో మంచి స్కోరు చూపిస్తే బిజినెస్ స్కూల్ దరఖాస్తుకు బలం వస్తుందని మొన్న రాశాను, ఆ మాట మీదే ఉన్నాను. కానీ జామెట్రీ బాగా చదవండి, క్యాలిక్యులేటర్ ఇస్తారు అన్నది తప్పు. ఇప్పటి క్వాంట్‌లో జామెట్రీ ప్రశ్నలు లేవు, 45 నిమిషాల్లో 21 ప్రశ్నలూ చేతిలెక్కతోనే చేయాలి. క్యాలిక్యులేటర్ ఇచ్చేది డేటా ఇన్‌సైట్స్ అనే మరో విభాగంలోనే. నిన్న కడప ఏడురోడ్ల దగ్గర మా పిన్ని కూతురు నోటుబుక్కు తీసి చూపించింది, నా మాట నమ్మి నాలుగు పేజీల నిండా శంకువులు, స్తూపాలు గీసుకుంది, చూసి ప్రాణం ఉసూరుమంది. క్షమించమ్మా. ఆ టైమ్ శాతాలకు, నిష్పత్తులకు, సమీకరణాలకు పెట్టండి. ఇంకోటి, మంచి స్కోరని నేను మొన్న చెప్పిన మొత్తం స్కోరు 700 పాత జీమ్యాట్‌ది, కొత్తదాంట్లో అది దాదాపు 645కి సమానం, కాబట్టి 655 వచ్చిందని టెన్షన్ పడొద్దు.