పదిహేను గంటల జీతం, ఏడు రోజుల కాపలా

‘సిబ్బంది తక్కువగా ఉన్నారు. పనికి వచ్చినవారిని విసుక్కోకండి.’ అమెరికా నగరాల్లో బర్గర్ దుకాణాల అద్దాలకు కరోనా కాలంలో అంటించిన ఈ కాగితాలు ఇంకా పూర్తిగా ఊడిపోలేదు. నిరుద్యోగం తిష్ఠ వేసిన పేటల్లోనే పనివాళ్లు దొరకడం లేదట! షికాగో దక్షిణ భాగం నుంచి డెట్రాయిట్ దాకా యజమానులు దీనికి చెప్పే కారణం ఒక్కటే: జనం సోమరులైపోయారు, సర్కారు తిండికి మరిగారు.

ఆ మాట వాషింగ్టన్ దాకా పాకి చట్టమై కూర్చుంది. ఆహార సహాయ పథకం ‘స్నాప్’లో 54 ఏళ్ల వరకే ఉన్న పని షరతును 2025 జూలై 4న సంతకమైన చట్టం 64 ఏళ్ల దాకా సాగదీసింది. చిన్న బిడ్డకు 14 ఏళ్లు నిండితే చాలు, తల్లిదండ్రులనూ అందులోకి లాగింది. నెలకు 80 గంటల పనో శిక్షణో చూపించలేకపోతే మూడేళ్లలో 3 నెలలకు మించి సాయం అందదు. పనిచేయనివాడికి తిండి లేదంటుంది చట్టం. పనిచేస్తానని వచ్చినవాడికి గంటలు లేవంటుంది దుకాణం. ఈ రెండు నోళ్లూ ఒకే సభలో ఒకదాన్నొకటి మెచ్చుకోవడమే మాకు మింగుడుపడని సంగతి.

లెక్క చూడండి. నెలకు 80 గంటలంటే వారానికి పద్దెనిమిదిన్నర. కౌంటరు దగ్గర కొత్తగా చేరినవారికి ఒక వారం 22 గంటలు పడితే మరో వారం 12 పడటం ఈ వ్యాపారంలో మామూలే. చలి ముదిరి బేరాలు పడిపోయే జనవరిలో ఇంకా తగ్గుతాయి. షికాగోలో 2025 జూలైలో కనీస వేతనం గంటకు 16.60 డాలర్లయింది. ఆ లెక్కన 15 గంటలు దొరికిన వారానికి చేతికొచ్చేది 249 డాలర్లు, అదీ పన్నులు పోకముందు. ఆ నెల 80 గంటలు నిండకపోతే తప్పు ఎవరి ఖాతాలో పడుతోంది? షెడ్యూలు వేసిన మేనేజరు ఖాతాలో మాత్రం కాదు.

ఈ గంటలు వాటంతట అవి తగ్గడం లేదు, కావాలనే తెగ్గోస్తున్నారు. ఫుల్‌టైమ్ లెక్కన 50 మంది, అంతకంటే ఎక్కువ మంది ఉన్న యజమాని, వారానికి సగటున 30 గంటలు పనిచేసేవారికి ఆరోగ్య బీమా ఇవ్వచూపాలన్నది చట్టం. కనుక పాతిక మందితో నడిచే చోట నలభై మందిని పెట్టుకుని ఎవరినీ ఆ గీత దాటనివ్వరు. ఇక షెడ్యూలు వేసేది సాఫ్ట్‌వేర్. గత వారాల అమ్మకాలను పావుగంట, అరగంట ముక్కలుగా చూసి ఏ ముక్కకు ఎంతమందో అది తేలుస్తుంది. అమ్మకాల్లో జీతాల శాతం పెరిగితే మేనేజరు బోనసుకు కోత. కాబట్టి మధ్యాహ్నం రెండింటికి రద్దీ తగ్గగానే, ఆరింటి దాకా ఉండాల్సిన మనిషిని ఇంటికి పంపేస్తారు. రెండు బస్సులు మారి వచ్చిన మనిషికి ఆ పూట కూలి సగం.

అసలు మెలిక దరఖాస్తు కాగితంలోనే ఉంది. వారంలో ఏయే రోజులు, ఏయే వేళలు రాగలరో రాయమంటారు. ఏడు రోజులూ, అన్ని వేళలూ అని రాసినవారికే ఉద్యోగం. ఇచ్చేది 15 గంటలు, కట్టిపడేసేది వారమంతా. ఇక రెండో ఉద్యోగం ఎలా పట్టుకోవాలి? బిడ్డను ఎక్కడ వదలాలి? పిల్లల సంరక్షణ కేంద్రం నెలకింతని ముందే కట్టించుకుంటుంది. మీ షిఫ్టు రద్దయిందని డబ్బు వెనక్కివ్వదు. ఈ లెక్క కుదరనివాళ్లు మూడో వారానికే మానేస్తారు. ఏడాది తిరిగేసరికి ఒక శాఖలో ఉన్న ఉద్యోగాల సంఖ్య కంటే మానేసినవారి సంఖ్య ఎక్కువగా తేలడం ఈ రంగంలో వార్తే కాదు. తీరిగ్గా దానికి ‘కొరత’ అని పేరు పెట్టారు.

మనిషి తగ్గితే ఏమవుతుందో వంటగదిలో నిలబడి చూడాలి. సాయంత్రం రద్దీకి ఓ మోస్తరు దుకాణానికి కనీసం ఆరుగురు కావాలి: హెడ్‌సెట్‌లో ఆర్డరు తీసుకునేవారు, కిటికీ దగ్గర డబ్బు తీసుకుని పొట్లం అందించేవారు, గ్రిల్ దగ్గర ఒకరు, బర్గరు కూర్చేవారు, నూనెలో వేయించే ఫ్రయర్ దగ్గర ఒకరు, పైన మేనేజరు. ఇద్దరు రాకపోతే మేనేజరు గ్రిల్ దగ్గరికి వెళ్తాడు, ఆర్డరు తీసుకునే మనిషే డబ్బూ తీసుకుంటాడు. మధ్యలో డెలివరీ యాప్ ట్యాబ్లెట్లు మోగుతూనే ఉంటాయి. ముందుగా వాయిదా పడేది శుభ్రం చేసే పని. ఫ్రయర్ నూనెను రోజూ వడకట్టాలి. లేదంటే మాడిన పొట్టు అడుగున చేరి నూనె నల్లబడుతుంది, 175 డిగ్రీల దగ్గరే పొగలు లేస్తాయి. ‘ఐస్‌క్రీమ్ యంత్రం పనిచేయడం లేదు’ అన్న మాటకు కొన్నిసార్లు అసలు అర్థం, దాన్ని విప్పి కడిగే మనిషి ఈ రాత్రి లేడని.

తర్వాత లోపలి హాలుకు తాళం పడుతుంది, కారు దిగకుండానే కొనుక్కునే డ్రైవ్-త్రూ ఒక్కటే తెరిచి ఉంచుతారు. కారు లేని ఇళ్లు ఎక్కువగా ఉన్న పేటలో ఇది చేయడమంటే ఇరుగుపొరుగునే బయట నిలబెట్టడం. నడిచి వచ్చినవారికి డ్రైవ్-త్రూ కిటికీలో అమ్మరు. బేరాలు పడిపోతాయి. పడిపోయిన అమ్మకాలను చూసి సాఫ్ట్‌వేర్ వచ్చే వారం గంటలు ఇంకా కోస్తుంది. ఇంకొందరు మానేస్తారు. అద్దం మీద కాగితం అలాగే ఉంటుంది.

భద్రత సంగతి వేరే చెప్పాలి, ఇది జీతంతో తీరేది కాదు. కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో బర్గర్ సంస్థ ఇన్-ఎన్-అవుట్ తన ఏకైక శాఖను 2024 మార్చి 24న మూసేసింది. ఆ సంస్థ 75 ఏళ్ల చరిత్రలో నేరాల కారణంగా మూతపడిన మొదటి శాఖ అదే. బేరాలు లేక కాదు, లాభాల్లోనే ఉందని సంస్థే చెప్పింది. కార్ల అద్దాలు పగలగొట్టడం, దొంగతనాలు, ఆయుధాలతో దోపిడీలు తట్టుకోలేకపోయామంది. అర్ధరాత్రి దుకాణాలకు అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా చేసిన సిఫార్సులు ఏళ్లుగా ఉన్నాయి: బయట మంచి వెలుతురు, గల్లాలో తక్కువ నగదు, సిబ్బంది తెరవలేని డ్రాప్ సేఫ్, రాత్రి ఒంటరి షిఫ్టు పెట్టకపోవడం. సిఫార్సులే, చాలాచోట్ల ఆదేశాలు కావు. కాలిఫోర్నియా ఒకడుగు ముందుకేసి, పనిచోట హింసను అరికట్టే లిఖిత ప్రణాళిక ఉండాల్సిందేనని 2024 జూలై 1 నుంచి నిబంధన పెట్టింది. మిగతాచోట్ల రెండో మనిషిని పెట్టే ఖర్చుకు వెనకాడి, రాత్రి షిఫ్టుకు ఎవరూ రావడం లేదని వాపోతున్నారు. షిఫ్టు ముగిసే ఒంటిగంట వేళకు షికాగోలో రాత్రంతా నడిచే మెట్రో లైన్లు రెండే: రెడ్, బ్లూ. రెడ్ లైన్ దక్షిణాన 95వ వీధి దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాత రాత్రి బస్సు కోసం ఎదురుచూపులే.

పెద్ద కంపెనీ పేరు మీద శాఖ నడిపే ఫ్రాంచైజీ యజమానుల వాదనలో నిజం లేకపోలేదు. అద్దె, ప్రకటనల నిధి, పేరు వాడుకున్నందుకు కంపెనీకి కట్టే రాయల్టీ పోగా మిగిలేది కొంచెమే. మెక్‌డొనాల్డ్స్ అమెరికాలో కొత్త శాఖల రాయల్టీని 2024 నుంచి 4 శాతం నుంచి 5 శాతానికి పెంచింది కూడా. అయితే కంపెనీ మీద పోట్లాడాల్సింది పోయి ఆ కసి క్యాషియరు గంటల మీద తీర్చుకోవడం ఏమి న్యాయం?

సోమరితనం గురించి మాట్లాడేవారి చరిత్ర కూడా కాస్త తిరగేద్దాం. ఒక శాఖలో పనిచేసేవారిని అదే గొలుసులోని మరో శాఖ తీసుకోకూడదని ఫ్రాంచైజీ ఒప్పందాల్లో రాసుకున్నది వీళ్లే. 2018 జూలైలో వాషింగ్టన్ రాష్ట్ర అటార్నీ జనరల్ వెంటపడితే మెక్‌డొనాల్డ్స్, ఆర్బీస్ సహా ఏడు సంస్థలు ఆ షరతును వదులుకున్నాయి. న్యూయార్క్ నగరంలో ఫాస్ట్‌ఫుడ్ సిబ్బందికి 14 రోజుల ముందు షెడ్యూలు ఇవ్వాలన్న నిబంధన 2017 నుంచి ఉంది. దాన్ని, సెలవుల నిబంధనను తుంగలో తొక్కినందుకు రెస్టారెంట్ల సంస్థ చిపోట్లే 2022లో దాదాపు 13,000 మందికి 2 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. 2023 మేలో కెంటకీకి చెందిన మూడు మెక్‌డొనాల్డ్స్ ఫ్రాంచైజీ సంస్థల్లో 305 మంది మైనర్లతో చట్టవిరుద్ధంగా పనిచేయించారని కార్మిక శాఖ తేల్చింది. లూయీవిల్‌లో ఇద్దరు పదేళ్ల పిల్లలు, జీతం లేకుండా, కొన్నిసార్లు రాత్రి 2 గంటల దాకా పనిలో ఉన్నారు. పెద్దలు దొరకలేదా, పెద్దలకు ఇవ్వాల్సిన గంటలు ఇవ్వలేదా?

ఈ ఖాళీల్లోకి జారుతున్నది మన పిల్లలు కూడా. ఎఫ్-1 వీసాపై వెళ్లిన విద్యార్థి చదువు నడిచే రోజుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. అనుమతి లేకుండా బయట పనిచేస్తే వీసాకే ముప్పు. అయినా చదువు అప్పు నెత్తిన పెట్టుకుని నగదు కూలికి చిన్న రెస్టారెంట్లలో, పెట్రోలు బంకుల్లో రాత్రి కౌంటర్ల వెనుక నిలబడేవారున్నారు. గంటలు తగ్గించినా, కూలి ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయలేని మనిషి దొరికితే యజమానికి కొరత తీరినట్టే. 2018లో కాన్సస్ సిటీలో ఒక రెస్టారెంట్‌లో, 2024లో షికాగోలో ఒక పెట్రోలు బంకులో తెలుగు విద్యార్థులు తూటాలకు బలయ్యారు. శవపేటికలు విమానాశ్రయానికి వచ్చిన రోజు కన్నీళ్లు పెట్టుకున్నాం. అలాంటి కౌంటర్ల దగ్గర మనిషికి రక్షణ ఏదని ఎవరూ అడగలేదు.

‘ఇక్కడివాళ్లు పనిచేయరండీ, బయటి నుంచి తెచ్చుకోవాల్సిందే’ అన్న మాట హైదరాబాద్ హోటళ్ల వాళ్ల నోటా వింటూనే ఉన్నాం. అదీ ఈ బాపతే. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

అమెరికాలో ఫ్రాంచైజీలు నడుపుతున్న తెలుగువారికీ ఇదే చెబుతున్నాం. తానా, ఆటా వేదికలెక్కి విజయగాథలు చెప్పుకోవడంలో తప్పులేదు. వేదిక దిగాక మీ దుకాణంలో 14 రోజుల ముందు షెడ్యూలు గోడకు అంటించండి. వారానికి కనీసం పాతిక గంటలని కాగితం మీద రాసివ్వండి. ఆ గంటలు పడే రోజులు తప్ప మిగతా రోజులు వాళ్లవేనని ఒప్పుకోండి. రాత్రి పది దాటాక ఇద్దరిని పెట్టండి. రాత్రి దుకాణం మూసిన మనిషినే తెల్లారి తెరవమనకండి. ఇవేవీ చేయకుండా జనం సోమరులయ్యారని అనడానికి మీకు నోరెలా వస్తోంది? ముందు అద్దం మీద ఆ కాగితం చించేయండి.