చెక్క రోడ్డు పోయింది, టోల్ ఇల్లయినా రోడ్డు పక్కనే ఉండనివ్వండి

అమెరికా పల్లెల్లో ‘ప్లాంక్ రోడ్’, అంటే చెక్క పలకల రోడ్డు, అనే పేరున్న వీధులు ఇప్పటికీ ఉన్నాయి, చెక్క మాత్రం ఎక్కడా లేదు. 1846లో న్యూయార్క్ రాష్ట్రంలో సలైనా నుంచి సెంట్రల్ స్క్వేర్ దాకా ఆ దేశపు మొదటి చెక్క రోడ్డు వేశారు. తర్వాత పదేళ్లలో ఆ ఒక్క రాష్ట్రంలోనే 3,500 మైళ్ల పైచిలుకు పరిచారు.

పని సులువే. నేలలో పొడవునా దూలాలు, వాటి మీద అడ్డంగా ఎనిమిదడుగుల పలకలు, మూడు నాలుగు అంగుళాల మందం. చాలాచోట్ల మేకులు కూడా కొట్టలేదు. బురదలో ఇరుసు దాకా కూరుకుపోయే బండ్లకు ఇంతకంటే ఏం కావాలి? ఈ రోడ్లు వేసి బండ్ల దగ్గర టోల్ వసూలు చేసే కంపెనీల్లో ఊరి రైతులు, వ్యాపారులే వాటాలు కొన్నారు. పలకలు ఎనిమిదేళ్లకు తక్కువ కాకుండా ఉంటాయని లెక్క వేసుకుంటే, నాలుగైదేళ్లకే పుచ్చిపోయాయి. టోల్ డబ్బు రిపేర్లకే చాలలేదు. పైగా గేటు తప్పించుకుని పక్కదారిన పోయే బండ్లు!

అంత హడావుడికీ మిగిలిన సాక్ష్యం అక్కడక్కడా నిలిచిన టోల్ ఇళ్లే. ఏ వేళకు బండి వచ్చినా గేటు తీసి డబ్బు తీసుకోవాలి కాబట్టి, గేటు మనిషి కాపురం కూడా రోడ్డు అంచునే. అందుకే ఆ ఇంటిని ఊరవతల మ్యూజియం పార్కులో పెట్టేస్తే అది ఉత్త పాత ఇల్లయిపోతుంది. ఇంటి చెక్క ఎంత అసలుదన్నది నా దృష్టిలో తర్వాతి మాట.

కెనడాలోని టొరంటోలో 1835 ప్రాంతంలో కట్టిన టోల్‌కీపర్స్ కాటేజ్ సంగతే చూడండి. నిలువు పలకల గోడలున్న చిన్న ఇల్లు. గేట్లు ఎత్తేశాక దాన్ని వేరే వీధికి తరలించి మామూలు ఇల్లుగా వాడుకున్నారు. 1990లలో కూల్చివేత తప్పించి, స్థానిక చరిత్ర బృందం వాలంటీర్లు ఏళ్ల తరబడి బాగుచేశారు. 2002లో బాథర్స్ట్, డావెన్‌పోర్ట్ రోడ్లు కలిసే చోటికి తిరిగి తెచ్చారు, 2008లో మ్యూజియంగా తెరిచారు. ఇన్నిసార్లు కదిలిన ఇల్లు అసలుదేనా అని పెదవి విరిచేవాళ్లు ఉంటారు. నిజం చెప్పాలంటే, ఆ కూడలికి తిరిగి రావడమే దానికి జరిగిన అసలు మరమ్మతు. టోల్ ఎవరు వసూలు చేశారు, ఎందుకు చేశారు అని చెప్పడానికి పక్కన రోడ్డుండాలి కదా.

చెక్క రోడ్ల మీది టోల్ ఇళ్లకైతే ఇంకోటి కావాలి. పాత పొయ్యి, మంచం చూపించి వదిలేయకుండా, పలకలకు వేసిన లెక్క ఎక్కడ తప్పిందో కూడా చూపాలి. ఇల్లు కొనడానికి చందాలు పోగుచేసే కమిటీలు రోడ్డు పక్కన కాస్త జాగాకూ అప్పుడే డబ్బు అడిగితే మంచిది.