‘సర్టిఫికెట్ కొనుక్కుంటే చాలు’ అనే మెసేజ్‌కి జవాబు

ఎండాకాలం సెలవులు దగ్గర పడగానే కాలేజీల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. మాటలు కొంచెం అటూ ఇటూ మారినా విషయం ఇదే: ‘‘ఇంటర్న్‌షిప్ అంతా బోగస్. రెఫరల్ లేనిదే ఎవరూ ఇవ్వరు. మన కాలేజీ పేరు చూస్తే రెజ్యూమే కూడా తెరవరు. అమీర్‌పేటలో ఐదారు వేలు కడితే సర్టిఫికెట్, ప్రాజెక్ట్, రిపోర్ట్ మూడూ చేతికొస్తాయి, తేడా ఎవరికీ తెలియదు. నిజంగా చేరినా పని నేర్పరు, ఎక్సెల్ షీట్లు నింపిస్తారు. ఎలాగూ గవర్నమెంట్ స్కీమ్‌లో స్టూడెంట్స్ అందరికీ నెలకు 5,000 వస్తుంది. థర్డ్ ఇయర్ అయ్యేదాకా టెన్షన్ పడొద్దు, సెలవుల్లో ఇంట్లో కూర్చుని కోడింగ్ ప్రాక్టీస్ చేసుకోండి. జూనియర్లకు ఫార్వర్డ్ చేయండి.’’

మా అక్క కూతురు హైదరాబాద్ శివార్లలో ఘట్‌కేసర్ వైపు ఒక కాలేజీలో సెకండ్ ఇయర్ చదువుతోంది. మొన్న ఈ మెసేజ్ నాకు పంపి, ‘‘పిన్నీ, ఇది నిజమేనా? మా క్లాసులో సగం మంది డబ్బు కట్టేస్తున్నారు’’ అంది. ఫోన్‌లో కాసేపు మాట్లాడాను కానీ చెప్పాల్సింది చాలా మిగిలిపోయింది. నేను చదివింది ఇబ్రహీంపట్నం దారిలో ఉన్న ఒక మామూలు కాలేజీలో. ఇప్పుడు మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తున్నాను. నాలుగేళ్లుగా మా టీమ్‌కి ఇంటర్న్‌లను తీసుకునేవాళ్ళలో నేనూ ఒకదాన్ని. ఆ పిల్ల క్లాసులో మిగతా సగం మంది డబ్బు కట్టకముందే ఇది చదువుతారని రాస్తున్నాను.

రెఫరల్ గురించి చెప్పిన మాటలో కొంత నిజం ఉంది. ఆ కొంచెం నిజమే మిగతా మెసేజ్ అంతటినీ నమ్మేలా చేస్తోంది. పెద్ద కంపెనీలకు దరఖాస్తులు కుప్పలుగా వస్తాయి, లోపల పనిచేసేవాళ్ళు పంపిన రెజ్యూమే ముందు చూస్తారు. కాదనను. కానీ మన పిల్లలు హైదరాబాద్ అంటే ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోని నాలుగు పెద్ద పేర్లనే అనుకుని, అక్కడ తలుపు తెరుచుకోకపోతే ఊరంతా మూసుకుపోయిందనుకుంటున్నారు. కొత్తగా పెట్టే కంపెనీలకు చోటిచ్చి సాయం చేసే టీ-హబ్ 2015లో ట్రిపుల్ ఐటీ ప్రాంగణంలో మొదలై, 2022లో రాయదుర్గంలోని పెద్ద భవనానికి మారింది. అక్కడి చిన్న కంపెనీల్లోనూ, మాదాపూర్, కొండాపూర్ సందుల్లో పదిహేను ఇరవై మందితో నడిచే ఆఫీసుల్లోనూ పని ఎక్కువ, మనుషులు తక్కువ. అలాంటి చోట హెచ్ఆర్ డిపార్ట్‌మెంటే ఉండకపోవచ్చు. మీరు రాసిన మెయిల్ నేరుగా కంపెనీ పెట్టినాయనే చదువుతారు.

నేను థర్డ్ ఇయర్‌లో అలాంటి చోట్లకు నలభై దాకా మెయిళ్ళు రాశాను. ముగ్గురు జవాబిచ్చారు, ఒకరు తీసుకున్నారు. ముప్ఫై ఏడు మంది పలకలేదని అప్పట్లో చాలా బాధపడ్డాను. ఇప్పుడు అటువైపు కూర్చున్నాక ఎందుకు పలకలేదో అర్థమైంది. వాటిలో ఎక్కువ మెయిళ్ళు ‘‘రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ ఎ హార్డ్‌వర్కింగ్ స్టూడెంట్’’ అని మొదలయ్యేవి. అందరికీ అదే పంపాను. జవాబు వచ్చిన మూడింట్లో మాత్రం వాళ్ళ యాప్ వాడి చూసి, నాకు ఎదురైన ఒక ఇబ్బంది గురించి రాశాను. ఈరోజు మీరు రాస్తే మూడు సంగతులు పెట్టండి: వాళ్ళ పనిలో మీరు చూసింది ఏమిటి, మీరు సొంతంగా చేసింది ఎక్కడ చూడొచ్చు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా రాగలరు. ఆరేడు వాక్యాలు చాలు. వారం తర్వాత ఒకసారి గుర్తు చేయండి. అంతకుమించి వెంటపడొద్దు.

సైన్స్ చదివేవాళ్ళకు ఈ ఊరిలో ఉన్న అదృష్టం దేశంలో చాలా ఊళ్ళకు లేదు. తార్నాకలో రసాయన పరిశోధన చేసే ఐఐసీటీ, జాతీయ పోషకాహార సంస్థ, హబ్సిగూడలో జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ, ఆ పక్కనే భూమి లోపలి సంగతులు పరిశోధించే ఎన్‌జీఆర్‌ఐ, బాలానగర్‌లో ఉపగ్రహ చిత్రాలతో పనిచేసే ఎన్ఆర్ఎస్‌సీ, పటాన్‌చెరులో మెట్ట పంటల పరిశోధన కోసం 1972 నుంచి ఉన్న ఇక్రిశాట్. స్టూడెంట్ ప్రాజెక్టులకు, ట్రైనింగ్‌కు ఒక్కోచోట ఒక్కో నిబంధన ఉంటుంది. కొన్నిచోట్ల పీజీ వాళ్ళనే తీసుకుంటారు. సాధారణంగా వాళ్ళు అడిగేది కాలేజీ నుంచి ఒక లెటర్, మార్కుల మెమోలు. రోజూ ఉప్పల్ బస్సులో ఆ గేట్ల ముందు నుంచే వెళ్తూ, ఒక్కసారి కూడా వాటి వెబ్‌సైట్ తెరిచి చూడని ఎమ్మెస్సీ పిల్లలు నాకు తెలుసు. వాళ్ళ తప్పు లేదు. అడగొచ్చని వాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు.

కాలేజీ పేరు సంగతి త్వరగా చెప్పేస్తాను. క్యాంపస్ ప్లేస్‌మెంట్లలో కాలేజీని బట్టి వడపోత ఉంది, అది అన్యాయమే. కానీ కాలేజీ పేరుతో పని లేని దారులూ ఉన్నాయి. సమ్మర్ ఆఫ్ కోడ్ అని గూగుల్ 2005 నుంచి నడుపుతున్న కార్యక్రమం ఉంది, అందులో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండే సాఫ్ట్‌వేర్‌లకు, పని చేస్తారు. ఎంపికకు ఆధారం మీరు రాసే ప్రపోజల్, అంతకుముందు ఆ ప్రాజెక్టుకు మీరు చేసిన పని. ఇంట్లో కూర్చునే చేయొచ్చు, స్టైపెండ్ కూడా ఇస్తారు. మా టీమ్‌లో అయితే మేము మొదట తెరిచేది గిట్‌హబ్ లింకు, అంటే మీరు రాసిన కోడ్ నలుగురూ చూసేలా పెట్టే చోటు. అది ఖాళీగా ఉంటే ఎంత పెద్ద కాలేజీ అయినా తర్వాత అడగడానికి ఏమీ ఉండదు.

ఇక అసలు నష్టం చేసే మాట: సర్టిఫికెట్ కొనుక్కోవచ్చు, తేడా తెలియదు అనేది. జేఎన్‌టీయూ సిలబస్‌లో ఇండస్ట్రీ ఓరియెంటెడ్ మినీ ప్రాజెక్ట్ లేదా ఇంటర్న్‌షిప్ అని క్రెడిట్లు ఉన్న సబ్జెక్టే ఉంది. దాన్ని ఎలాగోలా దాటేయాలన్న తొందరలోంచి ఈ వ్యాపారం పుట్టింది. సెకండ్ ఇయర్ సెలవుల్లో నేనూ ఒకచోట నాలుగు వేలు కట్టాను. యాభై మందిని ఒక గదిలో కూర్చోబెట్టి రెండు వారాలు వీడియోలు చూపించారు. చివరి రోజు పెన్‌డ్రైవ్‌లో అందరికీ ఒకే కోడ్, టైటిల్ పేజీ మీద ఎవరి పేరు వాళ్ళకు. ఆ నాలుగు వేలు నాన్న చీటీ పాడి ఇచ్చిన డబ్బు. ఇప్పటికీ గుర్తొస్తే కడుపు రగిలిపోతుంది.

తేడా తెలుస్తుంది. ఎలా తెలుస్తుందో ఒక ఉదాహరణ చెప్తాను. మా దగ్గరికి వచ్చే రెజ్యూమేల్లో ‘క్రెడిట్ కార్డ్ మోసాల గుర్తింపు’ అనే ప్రాజెక్ట్ లెక్కలేనన్ని సార్లు కనిపిస్తుంది. అందరూ వాడే డేటా ఒకటే. 2013లో యూరప్ కార్డుదారులు చేసిన 2,84,807 లావాదేవీలు, వాటిలో మోసాలు 492. అభ్యర్థి సంతోషంగా ‘‘మా మోడల్ యాక్యురసీ 99.8 శాతం మేడమ్’’ అంటారు, అంటే మొత్తం లావాదేవీల్లో అన్ని శాతం వాటిని ప్రోగ్రామ్ సరిగ్గా గుర్తించిందని. అప్పుడు నేను ఒక్కటే అడుగుతాను: ‘‘ఏ లావాదేవీనీ చూడకుండా అన్నీ మంచివే అని చెప్పే ప్రోగ్రామ్ రాస్తే దాని యాక్యురసీ ఎంత?’’ లెక్క వేస్తే అదీ 99.8 శాతమే. ఒక్క మోసాన్నీ పట్టుకోకుండానే. ఆ డేటాతో నిజంగా రెండు రోజులు కుస్తీ పట్టినవాళ్ళకు ఇది మొదటి రోజే తగులుతుంది. వాళ్ళు యాక్యురసీ గురించి మాట్లాడరు. 492లో ఎన్ని పట్టుకున్నాం, పట్టుకోబోయి ఎంతమంది మంచివాళ్ళను అనుమానించాం అని చెప్తారు. పెన్‌డ్రైవ్‌లో ప్రాజెక్ట్ తెచ్చుకున్నవాళ్ళు మౌనంగా ఉండిపోతారు. ఆ మౌనం చూడటం నాకు కష్టంగా ఉంటుంది. ఆ పిల్లల్లో తెలివి తక్కువైనవాళ్ళు ఎవరూ లేరు. నేర్చుకోవాల్సిన రెండు నెలలను వాళ్ళ దగ్గర ఎవరో డబ్బు తీసుకుని మరీ లాగేసుకున్నారు.

ఇంకో ప్రమాదం ఉంది. చేయని పనికి తెచ్చుకున్న లెటర్‌ను ఉద్యోగంలో చేరేటప్పుడు అనుభవంగా చూపిస్తే, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఆ కంపెనీకి ఫోన్ వెళ్తుంది. అక్కడ మీ పేరు మీద రికార్డు లేదని తేలితే చేతికొచ్చిన ఆఫర్ కూడా పోతుంది.

అమీర్‌పేటలో చదువు చెప్పేవాళ్ళు లేరని నేను అనడం లేదు. మైత్రీవనం చుట్టుపక్కల నిజాయితీగా కోర్సులు చెప్పే మాస్టార్లు ఎందరో ఉన్నారు. వాళ్ళ దగ్గర జావా నేర్చుకుంటే ఫీజు కట్టండి, తప్పులేదు. దాని పేరు కోర్సు. ఇంటర్న్‌షిప్ పేరుతో మీ దగ్గరే రిజిస్ట్రేషన్ ఫీజు, సెక్యూరిటీ డిపాజిట్, ల్యాప్‌టాప్ డిపాజిట్ అడిగితే అక్కడితో ఆపేయండి. పదో తరగతి మెమో ఒరిజినల్ ఇచ్చి వెళ్ళమన్నా అంతే. కంపెనీ పేరు రిజిస్టర్ అయిందో లేదో కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. ఆన్‌లైన్‌లో డబ్బు పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

పని నేర్పరు, ఎక్సెల్ షీట్లు నింపిస్తారు అంటారా? చాలాచోట్ల మొదటి రెండు వారాలు అంతే, నిజం. మీకు ఏం వచ్చో వాళ్ళకు తెలియదు, చెప్పే తీరికా ఉండదు. ఆ తర్వాత ఏం జరుగుతుందన్నది సగం మీ చేతిలో ఉంది. రెండేళ్ళ కింద మా దగ్గరికి బీఎస్సీ చదివే అమ్మాయి వచ్చింది. కస్టమర్ల జాబితా సరిచూసే పని ఇచ్చాం, విసుగు పుట్టించే పని. శ్రీనివాస్ అనే పేరును ఇంగ్లిష్‌లో మన వాళ్ళు ఎన్ని స్పెల్లింగులతో రాస్తారో మనందరికీ తెలుసు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక, మరోచోట ఒక్క అక్షరం. ఒకే మనిషి మా జాబితాలో ముగ్గురుగా ఉన్నాడని ఆమె గమనించింది. అలాంటి పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని వచ్చి, ‘‘అక్కా, ఇవన్నీ ఒకరే కదా, వీటిని ప్రోగ్రామ్‌తో పట్టుకోవచ్చా?’’ అని అడిగింది. ఆ ప్రశ్నే మిగతా ఆరు వారాలకు ఆమె ప్రాజెక్ట్ అయింది. మాలో ఎవరూ ఆమెకు ఆ పని చెప్పలేదు.

కాబట్టి చేరినవాళ్ళకు నేను చెప్పేది: రోజూ ఇంటికి వెళ్ళే ముందు ఏం చేశారో, ఎక్కడ ఆగిపోయారో నాలుగు లైన్లు రాసుకోండి. ఒక సమస్య మీద అరగంట సొంతంగా ప్రయత్నించి, అప్పటికీ తేలకపోతే అడగండి. అడిగేటప్పుడు ఏమేం ప్రయత్నించారో చెప్పండి. శుక్రవారం మీ మెంటర్‌కి ఆ వారం పని గురించి చిన్న మెయిల్ పెట్టండి. బిజీగా ఉన్న మనిషికి మీరు గుర్తుండేది దానివల్లే. వెళ్ళిపోయే ముందు సర్టిఫికెట్‌లో ‘విజయవంతంగా పూర్తి చేశారు’ అన్న ఒక్క లైనుతో సరిపెట్టుకోకుండా, చేసిన పని ఏమిటో రాసి ఇమ్మని అడగండి. కంపెనీ కోడ్, డేటా మాత్రం ఇంటికి తెచ్చుకోవద్దు. రెజ్యూమేలో ఎంతవరకు రాయొచ్చో కూడా వాళ్ళనే అడగండి.

మూడు నెలలు పనిచేసినా ఇంకా ఫొటోకాపీలే తీయిస్తున్నారంటే బయటికి వచ్చేయండి. ఆ మాట చెప్పడానికి నాకు మొహమాటం లేదు. జీతం లేకుండా ఆరు నెలలు పూర్తిస్థాయి పని చేయించుకునేవాళ్ళకూ అదే జవాబు. మీ పనితో కంపెనీకి డబ్బు వస్తుంటే మీకూ కొంత రావాలి. హాస్టల్ ఫీజు, మెట్రో ఛార్జీలు ఇంట్లోవాళ్ళ జేబులోంచే పోతాయి. స్టైపెండ్ లేకపోతే నాలుగు నుంచి ఆరు వారాలకు మించి ఒప్పుకోవద్దన్నది నా అభిప్రాయం.

గవర్నమెంట్ స్కీమ్ గురించి మెసేజ్‌లో ఉన్నది తప్పు. పీఎం ఇంటర్న్‌షిప్ పథకాన్ని 2024 బడ్జెట్‌లో ప్రకటించారు, అదే ఏడాది అక్టోబర్‌లో పైలట్‌గా మొదలైంది. అప్పటి నిబంధనల ప్రకారం ఏడాది పాటు నెలకు 5,000 రూపాయలు, అందులో 4,500 ప్రభుత్వం, 500 కంపెనీ ఇచ్చేవి. దానికి తోడు ఒకసారి 6,000. కానీ ఆ పైలట్ నిబంధనల ప్రకారం వయసు 21 నుంచి 24 మధ్య ఉండాలన్నారు, రెగ్యులర్‌గా పూర్తికాల చదువులో ఉన్నవాళ్ళు అర్హులు కారన్నారు. అంటే స్టూడెంట్స్ అందరికీ వచ్చేలా పెట్టినది కాదు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి అధికారిక పోర్టల్‌లో చూసుకోండి, ఫార్వర్డ్‌లో కాదు.

ఇదంతా ఇంజనీరింగ్ వాళ్ళ గోల అని బీకామ్, లా పిల్లలు అనుకోవద్దు. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం మూడేళ్ళ లా కోర్సులో కనీసం 12 వారాలు, ఐదేళ్ళ కోర్సులో 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాల్సిందే. బీకామ్ పిల్లలు రెండు నెలలు ఒక ఆడిటర్ ఆఫీసులో కూర్చుంటే, నెలనెలా 11వ తేదీకి అమ్మకాల వివరాలు చెప్పే జీఎస్‌టీ రిటర్న్ (జీఎస్‌టీఆర్-1), 20వ తేదీకి పన్ను లెక్క చూపే 3బీ ఎలా వెళ్తాయో రెండుసార్లు కళ్ళారా చూస్తారు. ఎక్కడ లెక్క తప్పుతుందో పుస్తకం కన్నా ఆ ఆఫీసే బాగా చెప్తుంది.

మిగిలింది, థర్డ్ ఇయర్ అయ్యేదాకా ఆగొచ్చన్న మాట. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి నడిపే వేసవి పరిశోధన ఫెలోషిప్‌కి దరఖాస్తులు అంతకుముందు ఏడాది చివరి నెలల్లోనే తీసుకుంటారు. సమ్మర్ ఆఫ్ కోడ్ సంస్థల పేర్లు ఫిబ్రవరిలో వస్తాయి, ప్రపోజల్స్ మార్చి, ఏప్రిల్‌లో ఇవ్వాలి. సెలవులు ఇచ్చాక ఆలోచిద్దాం అనుకునేసరికి ఇవన్నీ అయిపోయి, తెరిచి ఉండేది డబ్బు కట్టించుకునే కౌంటర్ ఒక్కటే. కోడింగ్ ప్రాక్టీస్ ఎలాగూ చేయాలి, అది రోజుకు గంటన్నర పని. దానికోసం రెండు నెలలు ఇంట్లో కూర్చోనక్కర్లేదు.

ఆ మెసేజ్‌ను ఫార్వర్డ్ చేసిన సీనియర్లను ఒకటి అడుగుతాను. మీలో ఎవరైనా నిజంగా ఎక్కడైనా పని చేసి ఉంటే అదే గ్రూపులో రాయండి: ఎలా దొరికింది, ఎన్ని మెయిళ్ళు రాశారు, మొదటి వారం ఏం చేశారు, ఎంత ఇచ్చారు, ఏది నచ్చలేదు. పది లైన్లు చాలు. మా అక్క కూతురి క్లాసులో ఫీజు కట్టడానికి చివరి తేదీ ఈ శనివారం అట.