కలంకారీకి ‘టేస్ట్’ తీర్పులు

తిరుపతిలో చీరల కొట్టుకెళ్తే ఇదే గోల. స్క్రీన్ ప్రింట్ గుడ్డ చూపించి ‘శ్రీకాళహస్తి కలంకారీ సార్’ అంటారు. కాదయ్యా అంటే, ‘కళ కదా, ఎవరి టేస్ట్ వాళ్లది!’ టేస్టంట! కొనుక్కోండబ్బా, ఎవరొద్దన్నారు? కానీ చేత్తో గీసిందా లేదా అన్నది కూడా మన ఇష్టమేనా?

వెదురు కలంతో చేత్తో గీసే అసలు కలంకారీకి ముందు గుడ్డని కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టి ఆరబెడతారు. పాలలోని కొవ్వు లేకపోతే సిరా పాకిపోతుంది. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో వారాల తరబడి పులిస్తే కసిం అనే సిరా. అది గుడ్డలోని కరక్కాయను తాకితేనే నలుపు తేలేది. ఎరుపు పట్టేదేమో పటిక పూసిన చోటే.

ఇవేవీ తెలీదు, ‘గీత వంకర, ఫినిషింగ్ బాలేదు’ అని తీర్పు మాత్రం రెడీ! వెదురు కలం గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం కాక స్కేలు పెట్టి కొట్టినట్టుంటుందా? పది నెమళ్లూ ఒకేలా ఉంటేనే అనుమానించాల. పైగా మిషను గుడ్డ రేటుకే చేతిపని కావాలంట!

బొమ్మ నచ్చలేదా, సరే, మీ ఇష్టం. పని బాలేదంటారే, కనీసం గుడ్డ తిరగేసి రంగు వెనక్కి దిగిందో లేదో చూశారా?