గేటు తెరిచింది ఎవరు?

ఏప్రిల్ వస్తే బ్రిటన్ పత్రికలకు పండగే. 21న ఎలిజబెత్ రాణి పుట్టినరోజు, 23న షేక్‌స్పియర్ వర్ధంతి, 15న టైటానిక్ మునక... పాత ఫొటోలతో ప్రత్యేక పేజీలు నింపేస్తారు. 13న జలియన్‌వాలా బాగ్ సంగతి సరేసరి, దానికి ఇంతవరకు సూటిగా క్షమాపణే లేదు. నన్నడిగితే మాత్రం ఆ దేశం తలదించుకోవాల్సిన మరో తేదీ కూడా ఆ 15నే ఉంది. 1989 నాటి హిల్స్‌బరో స్టేడియం దుర్ఘటన.

షెఫీల్డ్‌లో ఎఫ్ఏ కప్ ఫుట్‌బాల్ సెమీఫైనల్, లివర్‌పూల్ అభిమానుల వైపు తొక్కిసలాట, 97 మంది మృతి. ఇది తెలిసిన కథే. నేను చెప్పేది గేటు గురించి. బయట జనం పెరిగిపోతుంటే పోలీసు కమాండర్ డేవిడ్ డకెన్‌ఫీల్డ్ ‘సి’ గేటు తెరవమన్నాడు. లోపల ఎదురుగా ఉన్న సొరంగం దారి, జనం నిలబడి చూసే, అప్పటికే కిక్కిరిసిన మధ్య భాగంలోకి తీసుకెళ్తుంది, దాన్ని మూసే నాథుడు లేడు, పక్కన చోటుందని చెప్పేవాళ్లూ లేరు, ముందేమో ఇనప కంచె. 3 గంటల 6 నిమిషాలకు ఆట ఆపారు. అక్కడ జనం ఊపిరాడక చచ్చిపోతుండగానే, అభిమానులే గేటు తోసుకొచ్చారని ఆయన ఫుట్‌బాల్ సంఘం పెద్దలకు చెప్పేశాడు! చనిపోయినవాళ్ల రక్తంలో మద్యం ఉందా అని పరీక్షలు చేశారు, పిల్లల్ని కూడా వదల్లేదు. పదేళ్ల పిల్లాడి రక్తంలో ఏం దొరుకుతుందనుకున్నారో మరి.

అదే ఏడాది ఆగస్టులో జడ్జి టేలర్ విచారణ తప్పు పోలీసులదేనని తేల్చినా, తాగుబోతు జనం అన్న మచ్చ పోలేదు. పోలీసుల వాంగ్మూలాల్లో 164 మార్చేశారని 2012లో బయటపడింది. ఇవి చట్టవిరుద్ధ హత్యలని, అభిమానుల తప్పు లేదని జ్యూరీ చెప్పేసరికి 2016 వచ్చింది. అయినా ఆ చావులకు ఒక్క పోలీసుకూ శిక్ష పడలేదు.

పాత గాయాన్ని ఎందుకు కెలకడం, కంచెలు తీసేశారు, సీట్లు వేశారు కదా అంటారు కొందరు. స్టేడియాలు బాగుపడిన మాట నిజమే. కానీ ఆ కుటుంబాలు పోరాడింది సీట్ల కోసం కాదు, విచారణలో అధికారులు నిజం చెప్పి తీరాలన్న చట్టం కోసం. ప్రభుత్వం తన బిల్లుగా దాన్ని పార్లమెంటు గడప తొక్కించింది 2025 సెప్టెంబరులో!

ఇదంతా ఎక్కడో ఇంగ్లండ్ గొడవ అనుకుంటే పొరపాటు. 2015 గోదావరి పుష్కరాల తొలిరోజు రాజమండ్రిలో పాతికమందికి పైగా పోయారు, 2025 జనవరిలో తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల దగ్గర ఆరుగురు పోయారు. ప్రతిసారీ చర్చ జనం క్రమశిక్షణ దగ్గరే మొదలవుతుంది. ఎంతమంది వస్తారని లెక్కేశారు, బారికేడ్లు ఎక్కడ పెట్టారు, గేటు తీయమని ఎవరు చెప్పారు, ఆ టైమ్‌లో వైర్‌లెస్‌లో ఏం మాట్లాడుకున్నారు? ఎక్స్‌గ్రేషియా చెక్కుతో పాటు ఈ నాలుగింటికీ జవాబులు రాసిన కాగితం బాధిత కుటుంబం చేతికి ఇవ్వడానికి ఏ ప్రభుత్వానికైనా అభ్యంతరం ఏమిటి?