ఫ్రాంచైజీల తలరాత రాసేది రిలీజ్ డేట్

హాలీవుడ్‌లో ఒక పెద్ద ఫ్రాంచైజీ, అంటే ఒకే పేరుతో వరుసగా వచ్చే సినిమాల గొలుసు, బోల్తా పడిందంటే చాలు, అభిమానులు ఒకే ఒక్క మనిషిని బోనులో నిలబెడతారు. స్టార్ వార్స్ విషయంలో ఆ మనిషి, ఆ సినిమాలు తీసే లూకస్‌ఫిల్మ్‌ను 2012 నుంచి పుష్కర కాలానికి పైగా నడిపిన కాథ్లీన్ కెనెడీ. అదే ఫ్రాంచైజీ గట్టెక్కిందంటే నీరాజనం కూడా ఒక్కరికే పడతారు. 2019లో ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’ ప్రపంచవ్యాప్తంగా దాదాపు 280 కోట్ల డాలర్లు వసూలు చేసినప్పుడు మార్వెల్ స్టూడియోస్ అధినేత కెవిన్ ఫైగీకి దక్కింది ఆ నీరాజనమే. నాలుగేళ్లు తిరిగేసరికి అదే ఫైగీని అదే జనం తిట్టిపోశారు. ఆయన అభిరుచి మారిపోయిందని చెప్పడానికి ఆధారమేమీ లేదు, చుట్టూ ఉన్నవాళ్లలోనూ చాలామంది పాతకాపులే. మరి మారిందేమిటో చూడకుండా మెప్పునూ నిందనూ పంచిపెట్టడం వల్ల ఈ చర్చ ఎప్పుడు మొదలైనా వ్యక్తిపూజలోనో వ్యక్తిదూషణలోనో తేలుతోంది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కథకు సంబంధించినంతవరకు స్టూడియో అధిపతులకు మనం ఇస్తున్న ఘనత ఎక్కువే, వేస్తున్న నింద కూడా ఎక్కువే. క్యాలెండర్ విషయంలో మాత్రం ఆ రెండూ బాగా తక్కువ. ఏడాదికి ఎన్ని సినిమాలు తీయాలి, ఏ తేదీకి విడుదల చేయాలి, ఆ తేదీకి పని పూర్తి కాదని తెలిసినప్పుడు ఏం చేయాలి అన్నవి దర్శకుడి చేతిలో ఉండే నిర్ణయాలు కావు. వాటి మీద సంతకం పై అంతస్తులోనే పడుతుంది, ఫ్రాంచైజీ బాగోగులు చాలావరకు అక్కడే తేలిపోతాయి.

స్టూడియో పెద్దలకు అసలు ఏ ఘనతా లేదని కొట్టిపారేసేవాళ్లు 1970ల నాటి ఫాక్స్ సంస్థను గుర్తుచేసుకోవాలి. యునైటెడ్ ఆర్టిస్ట్స్, యూనివర్సల్ వద్దన్న తర్వాత జార్జ్ లూకస్ అంతరిక్ష కథ ‘స్టార్ వార్స్’ ఫాక్స్‌లో ఎగ్జిక్యూటివ్ అలన్ లాడ్ జూనియర్ దగ్గరికి చేరింది. బోర్డులో చాలామందికి ఆ సినిమా మీద నమ్మకం లేదు. లాడ్ ఆ కథ కంటే ఆ కుర్రాడిని ఎక్కువగా నమ్మారు. 1976 క్రిస్మస్‌కు అనుకున్న సినిమా అప్పటికి సిద్ధం కాలేదు. స్పెషల్ ఎఫెక్ట్స్ విభాగం తనకిచ్చిన డబ్బులో సగం ఖర్చుపెట్టేసి, వాడుకోదగ్గ షాట్లు దాదాపు ఏవీ చేతిలో పెట్టలేకపోయింది. సుమారు 1.1 కోట్ల డాలర్లు పెట్టిన సినిమాను ఆ దశలో ఏదో ఒకలా అతికించి విడుదల చేసి చేతులు దులుపుకొని ఉంటే ఈరోజు స్టార్ వార్స్ అనే మాటే ఉండేది కాదు. తేదీ జరిగింది. 1977 మే 25న ముప్పై రెండు థియేటర్లలో సినిమా మొదలైంది, మిగతాది ప్రపంచానికి తెలిసిందే. లాడ్ అందులో ఒక్క డైలాగు రాయలేదు. ఆయన ఇచ్చిన అండ, ఆ గడువు లేకపోతే రాసిన డైలాగులకు తెరే దక్కేది కాదు.

అదే ఫాక్స్, అదే సినిమా విషయంలో, సినీ వ్యాపార చరిత్రలోకెల్లా ఖరీదైన పొరపాటు కూడా చేసింది. లూకస్ తన దర్శకత్వ పారితోషికం పెంచమనకుండా లక్షన్నర డాలర్లకే సర్దుకుని, బదులుగా సీక్వెల్ హక్కులు, బొమ్మలు, వస్తువుల మీద హక్కులు అడిగితే, అవి పెద్దగా విలువలేనివనుకుని ఫాక్స్ ఇచ్చేసింది. ఆ ఏడాది క్రిస్మస్‌కు బొమ్మలు సకాలంలో తయారు చేయలేకపోయిన కెన్నర్ కంపెనీ, వచ్చే ఏడాది నాలుగు బొమ్మలు పంపిస్తామని రాసిన కాగితాన్ని ఒక అట్ట కవరులో పెట్టి అమ్మింది. లోపల బొమ్మ లేదని తెలిసి కూడా తల్లిదండ్రులు కొన్నారు. ఆ వ్యాపారాన్ని ముందే ఊహించలేకపోవడం లాడ్ ఒక్కడి లోపం కాదు, అప్పట్లో హాలీవుడ్ మొత్తానికీ ఉన్న గుడ్డితనం. అయినా ఫాక్స్ అధిపతులను మేధావులనాలా, మూర్ఖులనాలా అని అడిగేవాళ్లకు నా జవాబు ఏమిటంటే, ఏ నిర్ణయానికి ఆ నిర్ణయం విడిగా చూడాలి, మనిషికి మొత్తంగా మార్కులు వేయడం మానుకోవాలి.

డిస్నీ కాలానికి వద్దాం. 2012 అక్టోబరులో 405 కోట్ల డాలర్లకు లూకస్‌ఫిల్మ్‌ను కొన్న డిస్నీ అధినేత బాబ్ ఐగర్ తొలి సినిమాను 2015 వేసవి నుంచి డిసెంబరుకు జరపడానికి ఒప్పుకున్నారు. ‘ది ఫోర్స్ అవేకెన్స్’ 200 కోట్ల డాలర్లు దాటింది. అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత ఏడాదికొక స్టార్ వార్స్ సినిమా అనే నియమం పెట్టుకున్నారు, చిక్కంతా అక్కడ మొదలైంది. ‘సోలో’ షూటింగ్ చాలా దూరం నడిచాక, 2017 జూన్‌లో దర్శకులు ఫిల్ లార్డ్, క్రిస్ మిల్లర్‌లను తొలగించారు. రాన్ హోవర్డ్ వచ్చి సినిమాలో చాలా భాగం మళ్లీ తీశారు. ఇంత జరిగినా 2018 మే విడుదల తేదీ అంగుళం కదలలేదు. ‘ది లాస్ట్ జెడై’ వచ్చి అయిదు నెలలే అయింది, ఆ సినిమా మీద అభిమానుల కొట్లాట ఇంకా చల్లారలేదు. ‘సోలో’ 40 కోట్ల డాలర్ల మార్కును కూడా అందుకోలేక చతికిలబడింది. తక్కువ కాలంలో ఎక్కువ సినిమాలు వదలడం తన తప్పేనని, విడుదల వేళల నిర్ణయం తనదేనని ఐగర్ ఆ ఏడాదే ఒక ఇంటర్వ్యూలో ఒప్పుకున్నారు. ఇంత స్పష్టంగా నేరం అంగీకరించిన మనిషిని వదిలేసి అభిమాన లోకం ఇప్పటికీ ‘సోలో’ను కెనెడీ ఖాతాలోనే రాస్తుండటం విచిత్రం.

స్టార్ వార్స్ తొమ్మిదో ఎపిసోడ్ ‘ది రైజ్ ఆఫ్ స్కైవాకర్’ కథ ఇంకా దారుణం. లియా పాత్రధారిణి క్యారీ ఫిషర్ 2016 డిసెంబరులో కన్నుమూయడంతో అనుకున్న కథ సగం కూలిపోయింది. 2017 సెప్టెంబరులో దర్శకుడు కాలిన్ ట్రెవరో తప్పుకున్నారు, జె.జె. అబ్రామ్స్ కొత్త స్క్రిప్టుతో మొదటినుంచి మొదలుపెట్టాలి. అంత పెద్ద కుదుపుకు డిస్నీ ఇచ్చిన వెసులుబాటు ఏడు నెలలు, 2019 మే నుంచి డిసెంబరుకు. ‘ది ఫోర్స్ అవేకెన్స్’తో పోలిస్తే ఈ సినిమాకు మూడు నెలలు తక్కువ దొరికాయని, అందుకే షూటింగ్ జరుగుతుండగానే సెట్లో కెమెరా పక్కన కూర్చుని కూర్పు చేయాల్సి వచ్చిందని ఎడిటర్ మేరియన్ బ్రాండన్ తర్వాత చెప్పారు. ఎడిటింగ్ అంటే తీసిన సరుకును తీరిగ్గా చూసి, పనికిరానిది పక్కన పెట్టి, అవసరమైతే కథనే తిరగరాయడం. ఆ తీరికను తుంచేసి, తెర మీద హడావిడి కనబడిందని దర్శకుడిని తిడితే ఏం లాభం?

‘ది ఫోర్స్ అవేకెన్స్’ నుంచి తొమ్మిదో ఎపిసోడ్ దాకా ఒకే కథగా సాగాల్సిన మూడు సినిమాలకూ కలిపి ముందుగా ఒక కథ అనుకోకపోవడం, దర్శకులను ఎంపిక చేసి మళ్లీ తీసేయడం కెనెడీ స్వయంగా చేసిన తప్పులేనని, తేదీలకూ వాటికీ సంబంధం లేదని ఎదుటి పక్షం అంటుంది. ఇందులో కొంత నిజముంది. మనుషులను ఎంచుకోవడం ఆమె పనే, ఆ పనిలో ఆమె చాలాసార్లు తడబడ్డారు. అయితే అదే కెనెడీ హయాంలో టోనీ గిల్రాయ్ చేతికి ‘ఆండోర్’ సిరీస్ ఇచ్చి, 24 ఎపిసోడ్లకు డిస్నీ 65 కోట్ల డాలర్ల దాకా ఖర్చుపెట్టి, 2022లో మొదటి సీజన్ వచ్చాక రెండో సీజన్ కోసం 2025 దాకా ఓపిక పట్టిన సంగతిని కూడా ఆ పక్షం లెక్కలో వేసుకోవాలి. స్టార్ వార్స్ పేరుతో వచ్చిన వాటిలో ఇటీవల విమర్శకులు ఏకగ్రీవంగా మెచ్చుకున్నది అదే. అధిపతి ఒక్కరే, ఫలితాలు రెండు రకాలు. రెంటి మధ్య నాకు కనిపించే అతి పెద్ద తేడా గడువు.

డిస్నీ చేతిలోనే ఉన్న మార్వెల్ దగ్గరికి వస్తే ఈ వాదనకు ఇంకా గట్టి సాక్ష్యం దొరుకుతుంది. 2005లో డేవిడ్ మైసెల్ అనే ఎగ్జిక్యూటివ్ పది పాత్రల సినిమా హక్కులను తాకట్టు పెట్టి మెరిల్ లించ్ ద్వారా 52.5 కోట్ల డాలర్ల అప్పు తెచ్చాడు. ఈరోజు ఆయన పేరు ఎంతమందికి తెలుసో నాకు సందేహమే. ఆ అప్పుతో సొంతంగా సినిమాలు తీయడం మొదలుపెట్టిన సంస్థ 2008 నుంచి 2012 వరకు అయిదేళ్లలో తీసినవి ఆరు సినిమాలు. 2009లో అసలు ఒక్కటీ లేదు. అదే సంస్థ నుంచి, అదే ఫైగీ పర్యవేక్షణలో, 2021 ఒక్క ఏడాదిలో నాలుగు సినిమాలు, అయిదు వెబ్ సిరీస్‌లు వచ్చాయి. ఏ మనిషికైనా రోజుకు ఇరవై నాలుగు గంటలే. అయిదేళ్లలో ఆరు సినిమాలకు సరిపోయిన కళ్లు ఏడాదికి తొమ్మిదింటి మీద అదే శ్రద్ధతో నిలుస్తాయనుకోవడం అత్యాశ. 2023లో ‘ది మార్వెల్స్’ 21 కోట్ల డాలర్లు కూడా తేలేక, ఆ వరుసలోనే అతి తక్కువ వసూళ్ల సినిమాగా మిగిలినప్పుడు, కోవిడ్ రోజుల్లో సెట్ల మీద ఎగ్జిక్యూటివ్‌ల పర్యవేక్షణ తగ్గిందని ఐగర్ కారణం చెప్పారు. పర్యవేక్షణ తగ్గడానికి మహమ్మారి ఒక్కటే కారణమా? ఆ పర్యవేక్షకులను తొమ్మిది చోట్లకు పంచింది ఎవరు?

ఇక్కడ ఇంకో సంగతి గమనించాలి. ఈ లెక్కల ఫలితం ఎప్పుడూ ఆలస్యంగా అందుతుంది. ‘కెప్టెన్ మార్వెల్’ 2019లో 113 కోట్ల డాలర్లు తెచ్చిందంటే అందులో పెద్ద వాటా, ‘ఎండ్‌గేమ్’కు ముందు ఏ ముక్కనూ వదులుకోకూడదన్న ప్రేక్షకుడి ఆత్రానిది. ఆ ఆత్రాన్ని పదేళ్లు పోగుచేశారు. అదే నాయిక నాలుగేళ్ల తర్వాత ‘ది మార్వెల్స్’లో మరో ఇద్దరితో కలిసి వస్తే జనం మొహం చాటేశారు. అలాగే 2025లో వచ్చిన ‘థండర్‌బోల్ట్స్’ను విమర్శకులు మెచ్చుకున్నా వసూళ్లు 40 కోట్ల డాలర్లకు చేరలేదు. ఆ సినిమా తన తప్పుకు కాదు, అంతకుముందు నాలుగేళ్ల అతి ఉత్పత్తికి శిక్ష అనుభవించింది. అందుచేత ఏ సినిమా ఆడినా, పోయినా ఆనాడు కుర్చీలో ఉన్నవాళ్లకు ఘనతో నిందో అంటగట్టడం మొదటికే మోసం. 2024లో మార్వెల్ ఒకే ఒక్క సినిమా విడుదల చేసింది. ‘డెడ్‌పూల్ అండ్ వోల్వరీన్’ 130 కోట్ల డాలర్లు దాటింది.

ఈ ఉత్పత్తి పిచ్చి ఎక్కడి నుంచి వచ్చిందని వెతికితే సినిమాతో సంబంధం లేని చోటికి చేరతాం. 2020 డిసెంబరులో డిస్నీ తన ఇన్వెస్టర్ల సమావేశంలో రానున్న కొన్నేళ్లలో తన ఓటీటీ డిస్నీ ప్లస్ కోసం సుమారు పది మార్వెల్ సిరీస్‌లు, పది స్టార్ వార్స్ సిరీస్‌లు తెస్తామని ప్రకటించింది. మర్నాడు షేరు ధర ఎగబాకింది. ఆ కథల్లో చాలావాటికి అప్పటికి స్క్రిప్టే లేదు, ఆ సంఖ్య మాత్రం మార్కెట్‌కు నచ్చింది. అప్పటి సీఈవో బాబ్ చాపెక్. ఎగ్జిక్యూటివ్ ఛైర్మన్‌గా ఐగర్ కూడా సంస్థలోనే ఉన్నారు. 2022లో నెట్‌ఫ్లిక్స్ చందాదారులు తగ్గేసరికి వాల్‌స్ట్రీట్ మనసు మారి, చందాల సంఖ్య కాదు, లాభం కావాలంది. చాపెక్‌ను తొలగించారు, ఆయన సుమారు 2 కోట్ల డాలర్ల పరిహారంతో ఇంటికి వెళ్లారు. తిరిగొచ్చిన ఐగర్, పరిమాణం పెరిగి శ్రద్ధ పలుచబడిందని పెద్దరికంగా సెలవిచ్చారు. మార్కెట్‌కు ఇచ్చిన మాటను సినిమా వాళ్ల చేత నిలబెట్టించడమే ఎగ్జిక్యూటివ్ ఉద్యోగంగా మారిపోయాక, ఒక కెనెడీ స్థానంలో ఇంకొకరిని కూర్చోబెట్టినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు.

ఆ మాట ఖరీదు చివరికి ఎవరు చెల్లిస్తారో చెప్పడానికి హైదరాబాద్‌కు కూడా సంబంధమున్న ఉదంతం ఒకటుంది. లాస్ ఏంజెలిస్‌కు చెందిన రిథమ్ అండ్ హ్యూస్ అనే విజువల్ ఎఫెక్ట్స్ సంస్థకు ముంబయిలోనూ హైదరాబాద్‌లోనూ స్టూడియోలుండేవి, మన పిల్లలు చాలామంది అందులో పనిచేశారు. 2013 ఫిబ్రవరిలో ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. రెండు వారాలు తిరగకుండానే ‘లైఫ్ ఆఫ్ పై’కి ఆస్కార్ గెలిచింది. వేదిక మీద అవార్డు అందుకున్న ఎఫెక్ట్స్ పర్యవేక్షకుడు బిల్ వెస్టెన్‌హోఫర్ తమ సంస్థ కష్టాల గురించి ఎత్తుకోగానే ‘జాస్’ సినిమా సంగీతం పెంచి మైకు కట్ చేశారు. అది ఫ్రాంచైజీ సినిమా కాకపోయినా పద్ధతి మాత్రం పరిశ్రమ అంతటా ఒకటే. పనికి రేటు ముందే ఖాయమవుతుంది, మార్పులు చివరి వారం దాకా వస్తూనే ఉంటాయి, తేదీ మాత్రం కదలదు. అదనంగా పడే ప్రతి రాత్రీ ఎఫెక్ట్స్ సంస్థ ఖర్చే. 2023 సెప్టెంబరులో మార్వెల్ సొంత విజువల్ ఎఫెక్ట్స్ సిబ్బంది యూనియన్ కోసం ఏకగ్రీవంగా ఓటు వేశారంటే అది ఊరికే పుట్టిన కోపం కాదు. ‘సోలో’ నష్టం ఐగర్ జీతంలో కోతగా కనిపించి ఉంటే ఆ తేదీ జరిగేదేమోనని అనుకోకుండా ఉండలేను.

2025 మే నెలలో డిస్నీ ‘అవెంజర్స్: డూమ్స్‌డే’ విడుదలను 2026 మే 1 నుంచి డిసెంబరు 18కి జరిపింది. అంటే ఏడున్నర నెలలు. వేసవి సెలవులను వదులుకుని అంత గడువు ఇవ్వడం ఈ దశాబ్దంలో ఆ సంస్థ తీసుకున్న పెద్ద నిర్ణయాల్లో ఒకటి. సినిమా ఆడితే దర్శకులు రూసో సోదరులకూ నటుడు రాబర్ట్ డౌనీ జూనియర్‌కూ, ఎలాగూ ఫైగీకీ చప్పట్లు పడతాయి. దాని మంచిచెడ్డల పద్దు రాసేవాళ్లు అందులో ఒక గడి ఈ వాయిదాకు కూడా కేటాయించాలి. ఆ నెలలు స్క్రిప్టుకూ, ఎడిటింగ్ గదికీ, షాట్లు చేసే కుర్రాళ్లకూ చేరాయా, లేక బొమ్మల దుకాణాలకు క్రిస్మస్ సరుకు అందించడానికే సరిపోయాయా అన్నది కూడా అందులోనే రాయాలి.